దొంగ పోలీసు మీద చట్టం: డవాలీ బిళ్ళ నుంచి వీడియో కాల్ దాకా

పోలీసు కాని వ్యక్తి పోలీసునని చెప్పుకొని, ఆ హోదా పేరుతో ఒకరి ఇంట్లో సోదాకు దిగినా, ఒకరిని పట్టుకున్నా, స్టేషనుకు రమ్మని బెదిరించినా భారతదేశంలో అది ప్రత్యేక నేరం. డబ్బు కాజేస్తే మోసం, భయపెట్టి గుంజితే బలవంతపు వసూలు అనే నేరాలు వేరే ఉన్నాయి. వాటిలో ఏదీ జరగకపోయినా, లేని హోదాను వాడుకున్నందుకే శిక్ష పడుతుంది. 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతిలోనూ, 2024 జులై 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ నేరానికి ఇచ్చిన నిర్వచనం దాదాపు ఒకటే. ఈ కాలంలో మారినవి పోలీసును గుర్తుపట్టే ఆనవాళ్ళు, అసలు పోలీసు మీద చట్టం పెట్టిన షరతులు. జనం అసలు పోలీసు ఏం చేయగలడని నమ్ముతారో, నకిలీ పోలీసు అంతవరకే చేయగలడు. అందువల్ల నకిలీని శిక్షించే సెక్షన్ల చరిత్రను, అసలు పోలీసును కట్టడి చేసిన నియమాల చరిత్రను కలిపి చూడవలసి ఉంటుంది.

కంపెనీ పాలనలో

ఈస్టిండియా కంపెనీ రాకముందు తెలుగు పల్లెల్లో కాపలా పని తలారిది. అతను ఆ ఊరివాడే, వంశపారంపర్యంగా ఆ పని చేస్తున్నవాడే. ఊళ్ళో పసిపిల్లలకు కూడా అతను తెలుసు కాబట్టి మరొకడు వచ్చి తలారినని చెప్పుకొనే వీలు లేదు. కంపెనీ 1802 నుంచి మద్రాసు రాజధానిలో జీతానికి పనిచేసే దారోగాలనే పోలీసు అధికారులను పెట్టి చూసింది. ఆ ఏర్పాటు పనికిరాలేదని 1816లో థామస్ మన్రో సంస్కరణలతో దాన్ని తీసేసి, పోలీసు అధికారాన్ని కలెక్టరు, తహసీల్దారు, గ్రామ పెద్దల చేతుల్లో పెట్టారు. పన్ను వసూలు చేసే తహసీల్దారే దొంగలనూ పట్టాలి. అతని తరఫున ఊళ్ళ మీదికి వెళ్ళేవాళ్ళు బంట్రోతులు. రైతుకు ఆ బంట్రోతు ముఖం తెలియదు. భుజం మీదుగా వేసుకున్న డవాలీ, దాని మీది ఇత్తడి బిళ్ళ మాత్రమే అతన్ని సర్కారు మనిషిగా చూపించేవి.

ఆ బిళ్ళకు అంత విలువ ఎందుకు వచ్చిందో 1855లో వెలువడిన మద్రాసు టార్చర్ కమిషన్ నివేదిక చదివితే తెలుస్తుంది. ఇలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులుగా ఉన్న ఆ కమిషన్, శిస్తు రాబట్టడానికీ నేరం ఒప్పించడానికీ రెవెన్యూ, పోలీసు సిబ్బంది జనాన్ని హింసిస్తున్నారని తేల్చింది. ఎండలో నిలబెట్టడం, వంచి కట్టేయడం, వేళ్ళను చెక్కల మధ్య పెట్టి నొక్కే కిట్టి వంటివి అందులో నమోదయ్యాయి. ఇలాంటి పాలనలో బిళ్ళ కట్టుకొని వచ్చినవాణ్ణి నువ్వెవరని అడిగే ధైర్యం రైతుకు ఉండదు. ఆ ధైర్యం లేనిచోట నకిలీ బంట్రోతుకు అడ్డూ ఉండదు.

కమిషన్ సిఫారసుల ఫలితంగా పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. 1858లో విలియం రాబిన్సన్ మద్రాసు పోలీసు అధిపతి అయ్యాడు. మరుసటి ఏడాది 24వ నంబరు చట్టంగా జిల్లా పోలీసు చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు వర్తించిన ఈ చట్టాన్నే తర్వాతి కాలంలో ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టం అన్నారు. మద్రాసు అనుభవం ఆధారంగా వచ్చిన 1861 పోలీసు చట్టం, 8వ సెక్షన్‌లో ఒక ముఖ్యమైన సంగతి రాసింది. పోలీసుగా చేరిన ప్రతివాడికీ ముద్ర వేసిన నియామక పత్రం ఇవ్వాలి. పోలీసు అధికారాలు అతనికి ఆ పత్రంతోనే సంక్రమిస్తాయి. ఉద్యోగం పోయిన రోజున పత్రం చెల్లదు, దాన్ని వెంటనే తిరిగి ఇచ్చేయాలి. చట్టం దృష్టిలో దుస్తులు ఆనవాలు మాత్రమే, అధికారం ఉన్నది కాగితంలో. జనం మాత్రం దుస్తులనే చూసేవారు. చట్టం చూసేదానికీ జనం చూసేదానికీ మధ్య ఉన్న ఈ తేడాయే దొంగ పోలీసుకు బతుకుతెరువు అయింది.

శిక్షాస్మృతిలో రెండు సెక్షన్లు

మెకాలే అధ్యక్షతన 1834లో ఏర్పడిన మొదటి లా కమిషన్ 1837లో శిక్షాస్మృతి ముసాయిదాను సమర్పించింది. అది 23 ఏళ్ళు మూలన ఉండి, చాలా మార్పులతో 1860 అక్టోబరు 6న చట్టమైంది. దానిలోని తొమ్మిదో అధ్యాయం ప్రభుత్వ సేవకుల నేరాలకూ, వారికి సంబంధించిన నేరాలకూ కేటాయించారు. లంచం తీసుకునే అసలు ఉద్యోగి, హోదా నటించే నకిలీ ఉద్యోగి ఇద్దరినీ ఒకే అధ్యాయంలో ఉంచారు. 1988లో అవినీతి నిరోధక చట్టం వచ్చినప్పుడు లంచం సెక్షన్లు అక్కడి నుంచి అటు వెళ్ళిపోయాయి, నకిలీ సెక్షన్లు మిగిలాయి.

ఆ అధ్యాయం చివర ఉన్న 170, 171 సెక్షన్లే ఈ విషయంలో కీలకం. 170 ప్రకారం నేరం రుజువు కావాలంటే మూడు అంశాలు ఉండాలి. మొదటిది, ఫలానా ప్రభుత్వ హోదా తనకుందని నటించడం, లేదా ఆ హోదాలో ఉన్న మరొక వ్యక్తినే తానని చెప్పుకోవడం. రెండోది, ఆ హోదా తనకు లేదని తెలిసి ఉండడం. మూడోది, ఆ హోదా పేరుతో ఏదైనా పని చేయడం లేదా చేయబోవడం. శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూగా ఉండేది. మూడో అంశం లేకపోతే కేసు నిలవదు. పెళ్ళిచూపుల్లో ఎస్సైనని గొప్పలు చెప్పుకున్నవాడు అబద్ధాలకోరే గాని 170 కింద నేరస్తుడు కాడు. అదే మనిషి దారిలో లారీ ఆపి కాగితాలు చూపించమంటే నేరం పూర్తవుతుంది. డబ్బు చేతులు మారవలసిన అవసరం కూడా లేదు.

171వ సెక్షన్ దీనికంటే చిన్న నేరం, కాని వల పెద్దది. ప్రభుత్వ సేవకుల్లో ఒక తరగతివారు వాడే దుస్తులు లేదా గుర్తు, లేదా వాటిని పోలినవి వేసుకొని, తాను ఆ తరగతివాడినని జనం నమ్మాలనే ఉద్దేశంతో తిరిగితే చాలు. నమ్మే అవకాశం ఉందని తెలిసి తిరిగినా సరిపోతుంది. వేరే పని ఏదీ చేయనక్కర్లేదు. దీనికి మూడు నెలల దాకా జైలు, 200 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండేవి. సైనికుల దుస్తుల విషయంలో ఇలాంటి నేరాన్నే 140వ సెక్షన్‌లో వేరుగా పెట్టారు. దానికి జరిమానా 500 రూపాయల వరకు ఉండేది.

ఉద్దేశం అనే షరతు వల్ల రంగస్థల నటులు, సినిమావాళ్ళు, ఊరూరా తిరిగే పగటి వేషగాళ్ళు 171 పరిధిలోకి రారు. పగటి వేషగాడు వేషం కట్టేది చూసినవాళ్ళు అది వేషమని గ్రహించి మెచ్చుకొని సంభావన ఇవ్వాలని. దొంగ పోలీసుకు మాత్రం వేషం బయటపడితే కథ ముగుస్తుంది.

170 కింద వచ్చే నేరం వారంటు లేకుండా అరెస్టు చేయదగినది, బెయిలు హక్కుగా రానిది. 171 కింద వారంటు లేకుండా పట్టుకోవచ్చు గాని బెయిలు హక్కుగా దొరుకుతుంది. ఈ రెండింటితో పాటు మోసం సెక్షన్లు కూడా తరచు జతపడతాయి. మోసాన్ని నిర్వచించిన 415వ సెక్షన్‌కు చట్టం ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణే, సివిల్ సర్వీసులో ఉన్నానని అబద్ధం చెప్పి అంగడిలో సరుకులు అరువు తీసుకుని ఎగ్గొట్టేవాడిది. దొరల రాజ్యంలో హోదా పేరు చెబితే అంగడివాడు కాదనలేడని ఆ ఉదాహరణ రాసినవాళ్ళకు బాగా తెలుసు.

హోదా నటనను మామూలు మోసం కింద వదిలేయకుండా వేరే నేరంగా పెట్టడానికి గల కారణం అదే స్మృతిలోని 99వ సెక్షన్‌లో కనిపిస్తుంది. ప్రభుత్వ సేవకుడు సద్భావంతో, తన హోదా పేరుతో చేసే పని చట్టప్రకారం పూర్తిగా సరైనది కాకపోయినా, ప్రాణాపాయం లేదా తీవ్ర గాయం భయం లేనంతవరకు దాన్ని ఎదిరించడానికి ఆత్మరక్షణ హక్కు వర్తించదు. అంటే పోలీసు చెయ్యి వేస్తే పౌరుడు ముందు లొంగిపోవాలి, తప్పొప్పులు తర్వాత కోర్టులో తేలతాయి. దొంగ పోలీసు వాడుకునేది సరిగ్గా ఈ లొంగుబాటునే. అందుకే ఆ సెక్షన్ వివరణల్లో ఒక మినహాయింపు పెట్టారు. ఎదుటివాడు ప్రభుత్వ సేవకుడని తెలియకపోతే, అలా నమ్మడానికి కారణం లేకపోతే, ఆత్మరక్షణ హక్కు పోదు. అధికారి ఆదేశం మీద వచ్చినవాడు ఏ అధికారంతో వచ్చాడో చెప్పాలి. రాతపూర్వక ఆదేశం ఉంటే అడిగినప్పుడు చూపించాలి. నువ్వెవరని పోలీసును అడిగే హక్కుకు భారతీయ చట్టంలో తొలి రూపం ఇదే అనవచ్చు. ఆ హక్కు కాగితం మీద ఉంది గాని, 1902లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన ఏర్పడిన పోలీసు కమిషన్ కూడా పోలీసు అంటే జనానికి అవినీతి, దౌర్జన్యమే గుర్తుకొస్తున్నాయని రాయవలసి వచ్చింది.

నిజాం రాజ్యం, ఖాకీ రాజ్యం

శిక్షాస్మృతి మొదట బ్రిటిష్ ఇండియాకే పరిమితం. గంజాం నుంచి నెల్లూరు దాకా ఉన్న తెలుగువాళ్ళు 1862 నుంచే దాని కింద ఉన్నారు. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో హైదరాబాదు రాజ్యానికి సొంత శిక్షాస్మృతి, సొంత పోలీసు చట్టాలు ఉండేవి. అక్కడి ఫసలీ కాలమానంలో 1329వ ఏడాది నాటి జిల్లా పోలీసు చట్టం, 1348వ ఏడాది నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టం అలా వచ్చినవే. పార్ట్ బి రాష్ట్రాల చట్టం ద్వారా 1951 ఏప్రిల్ 1న భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రానికి కూడా వర్తించింది. అప్పటి నుంచి రెండు తెలుగు ప్రాంతాల్లోనూ దొంగ పోలీసు మీద పెట్టే సెక్షన్లు ఒకటే అయ్యాయి.

ఈ లోగా బిళ్ళ స్థానాన్ని దుస్తులు ఆక్రమించాయి. వాయవ్య సరిహద్దులో హ్యారీ లమ్స్‌డెన్ 1840ల్లో గైడ్స్ దళానికి వేయించిన మట్టిరంగు దుస్తులు క్రమంగా సైన్యంలోకి, తర్వాత పోలీసుల్లోకి పాకాయి. కలకత్తా నగర పోలీసుల వంటి కొందరు తెల్ల దుస్తుల్లోనే మిగిలినా, దేశంలో చాలా చోట్ల ఖాకీ అంటే పోలీసు, పోలీసు అంటే ఖాకీ అయింది. దుస్తులు, టోపీ, బెల్టు, బూట్లు అంగట్లో దొరికే వస్తువులు కాబట్టి నకిలీకి పని తేలికైంది. ప్రైవేటు కాపలా సంస్థలు పెరిగాక ఇంకో చిక్కు వచ్చింది. కావలివాళ్ళ దుస్తులు పోలీసు దుస్తుల్లాగే ఉండేవి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం దీన్ని నిషేధించింది. గార్డు సైన్యం లేదా పోలీసు దుస్తులను పోలినవి వేసుకుంటే అతనికీ, ఏజెన్సీ యజమానికీ ఏడాది దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

దుస్తుల తర్వాతి ఆనవాలు వాహనం. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడికి వచ్చినవాళ్ళ అంబాసిడర్ కారుకు హోంశాఖ పేరుతో నకిలీ స్టిక్కరు ఉంది. 2005లో వచ్చిన భారత రాజచిహ్నం దుర్వినియోగ నిషేధ చట్టం, మూడు సింహాల గుర్తును అనుమతి లేకుండా వాడితే రెండేళ్ళ దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా పెట్టింది. నకిలీ గుర్తింపు కార్డులు, లెటర్‌హెడ్ల మీద ఆ గుర్తు ఉంటే ఈ చట్టం కూడా వర్తించగలదు. వాహనాల మీది ఎర్ర దీపాల విచ్చలవిడి వాడకాన్ని సుప్రీంకోర్టు 2013 డిసెంబరులో తప్పుబట్టింది. 2017 మే 1 నుంచి అత్యవసర సేవలకు తప్ప మంత్రులకు, అధికారులకు దీపాలు రద్దయ్యాయి. ప్రముఖుల దర్పాన్ని తగ్గించడానికి తెచ్చిన ఆ నిర్ణయం, నకిలీల చేతిలోని ఒక పనిముట్టును కూడా తీసేసింది.

యూనిఫాం లేని పోలీసు

యూనిఫాం అక్కరలేని పోలీసు విభాగాలు పెరిగాక 171వ సెక్షన్ పట్టు సడలింది. మఫ్టీలో, అంటే మామూలు దుస్తుల్లో ఉండే క్రైం బ్రాంచి, స్పెషల్ ఆపరేషన్స్ టీం (ఎస్‌వోటీ), సీబీఐ మనుషులను నటించడానికి ఇస్త్రీ చొక్కా, ఒక ఫైలు చాలు. సీబీఐ 1963లో ఏర్పడినా దాని పోలీసు అధికారాలు 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం నుంచి వచ్చాయి. కాబట్టి దాని అధికారిని నటించడం కూడా పోలీసును నటించడమే.

ఈ రకం నేరాల్లో ప్రసిద్ధమైనది 1987 మార్చిలో బొంబాయిలో జరిగింది. ఇంటెలిజెన్స్ అధికారులు కావాలని ఒక వ్యక్తి పత్రికలో ప్రకటన ఇచ్చాడు. పెద్ద హోటల్లో ఇంటర్వ్యూలు జరిపి, వచ్చిన అభ్యర్థుల్లో 26 మందిని బృందంగా కూర్చాడు. మార్చి 19న వారిని ఒపేరా హౌస్ ప్రాంతంలోని ఒక నగల దుకాణానికి తీసుకెళ్ళి, సీబీఐ సోదా అని చెప్పించాడు. నమూనాల పేరుతో నగలు, నగదు సంచుల్లోకి ఎక్కించి, వాటితో ఒక్కడే బయటపడి మాయమయ్యాడు. అతను మళ్ళీ దొరకలేదు. 2013 నాటి హిందీ చిత్రం 'స్పెషల్ 26'కు ఆధారం ఈ ఘటనే. ఇందులో న్యాయశాస్త్రపరంగా ఆసక్తికరమైన అంశం ఆ 26 మంది స్థితి. తమకు నిజంగానే ఉద్యోగం వచ్చిందని వారు నమ్మారు. హోదా లేదని తెలిసి ఉండాలన్న 170లోని షరతు వారి విషయంలో నెరవేరదు. సోదా జరిపినవాళ్ళు నిర్దోషులు, జరిపించినవాడు నేరస్తుడు.

తెలుగు పట్టణాల్లో పత్రికలకెక్కే నకిలీ పోలీసు కథ ఇంత ఆర్భాటంగా ఉండదు. ఒంటరిగా నడిచి వెళ్తున్న వృద్ధురాలిని ఇద్దరు ఆపుతారు. ముందు వీధిలో దొంగతనం జరిగిందనీ, నగలు తీసి దాచుకోవాలనీ పోలీసుల్లా గద్దిస్తారు. ఆమె గొలుసు తీసి ఇస్తే కాగితంలో పొట్లం కట్టి ఇచ్చి పంపుతారు. ఇంటికి వెళ్ళి విప్పితే అందులో రాళ్ళుంటాయి. ఇలాంటి కేసుల్లో నకిలీ హోదా సెక్షన్‌తో పాటు మోసం, దొంగతనం సెక్షన్లు కూడా చేరతాయి.

అసలు పోలీసు చూపించవలసిన ఆనవాలు

మఫ్టీ పోలీసులు ఇళ్ళ మీదికి వచ్చి మనుషులను ఎత్తుకెళ్ళడం, వారు ఎవరో ఎక్కడికి తీసుకెళ్ళారో కుటుంబానికి తెలియకపోవడం లాకప్ మరణాల కేసుల్లో పదేపదే వినిపించిన ఫిర్యాదు. పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థ తరఫున డి.కె. బసు 1986లో రాసిన లేఖను సుప్రీంకోర్టు పిటిషన్‌గా స్వీకరించి, 1996 డిసెంబరు 18న 11 ఆదేశాలు ఇచ్చింది. అరెస్టు చేసేవారు, ప్రశ్నించేవారు పేరు, హోదా స్పష్టంగా కనబడే బిళ్ళ ధరించాలన్నది వాటిలో మొదటిది. అరెస్టు అక్కడికక్కడే మెమోలో రాసి, కుటుంబ సభ్యుడి చేతగాని ఆ ప్రాంతపు పెద్దమనిషి చేతగాని సాక్షి సంతకం పెట్టించాలన్నది రెండోది. 2010 నవంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణతో ఇవి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 41బి సెక్షన్‌గా చేరాయి. ఇప్పుడు ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 36వ సెక్షన్‌గా ఉన్నాయి.

ఈ నియమాలు వచ్చింది కస్టడీ హింసను అరికట్టడానికి. కాని నకిలీల కట్టడిలోనూ వీటి పాత్ర 170వ సెక్షన్ కంటే తక్కువది కాదు. ఆ సెక్షన్ నేరం జరిగాక పనిచేస్తుంది. పేరు బిళ్ళ, మెమో, సాక్షి అనేవి ముందే పనిచేస్తాయి. అసలు పోలీసు వాటిని తప్పనిసరిగా పాటించే ఊళ్ళో అవి లేకుండా వచ్చినవాడు వెంటనే అనుమానానికి గురవుతాడు. పాటించని ఊళ్ళో అసలు, నకిలీ ఒకేలా కనిపిస్తారు.

కొత్త సంహిత, కొత్త వేషం

2024 జులై 1 నుంచి 170వ సెక్షన్ స్థానంలో న్యాయ సంహిత 204వ సెక్షన్ ఉంది. గరిష్ఠ శిక్ష రెండేళ్ళ నుంచి మూడేళ్ళకు పెరిగింది. కనీస శిక్ష ఆరు నెలలు అని కొత్తగా చేరింది. జరిమానా తప్పనిసరి అయింది. జరిమానాతో సరిపెట్టి వదిలేసే వీలు న్యాయమూర్తికి ఇక లేదు. 171 స్థానంలో వచ్చిన 205లో జైలు శిక్ష మూడు నెలలే ఉంచి, జరిమానాను 5,000 రూపాయలకు పెంచారు. 1860ల్లో కానిస్టేబుల్ నెల జీతం పది రూపాయలు దాటని రోజుల్లో 200 అంటే పెద్ద మొత్తం. అదే అంకె 162 ఏళ్ళు అలాగే నిలిచి, చివరికి ఒక జత బూట్ల ధరకు దిగజారింది. వేరొకరిగా నటించి మోసగించడానికి పాత 419లో మూడేళ్ళు ఉన్న గరిష్ఠ శిక్ష, కొత్త 319లో అయిదేళ్ళయింది.

సంహిత అమల్లోకి వచ్చిన ఏడాదే దొంగ పోలీసు మనిషిగా రావడం మానేసి ఫోనులో రావడం దేశమంతా చర్చ అయింది. పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయనో, బ్యాంకు ఖాతా మనీ లాండరింగ్‌లో వాడారనో ఫోను వస్తుంది. వీడియో కాల్‌లో ఖాకీ దుస్తులతో, వెనక పోలీసు స్టేషన్ దృశ్యంతో అధికారి కనిపిస్తాడు. కెమెరా ముందు నుంచి కదలవద్దని, ఎవరికీ చెప్పవద్దని గంటలు, రోజుల తరబడి కూర్చోబెట్టి డబ్బు బదిలీ చేయిస్తారు. కొందరు నకిలీ సుప్రీంకోర్టు విచారణను కూడా తెర మీద నడిపారు. దీనికి డిజిటల్ అరెస్టు అని పేరు పడింది. 2024 మే 14న కేంద్ర హోంశాఖ హెచ్చరిక జారీ చేసి, వెయ్యికి పైగా స్కైప్ ఖాతాలను నిలిపివేయించినట్లు ప్రకటించింది. అక్టోబరు 27న ప్రధాని తన 'మన్ కీ బాత్'లో చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని చెప్పారు.

ఇలాంటి నేరానికి 204, 319 సెక్షన్లతో పాటు, కంప్యూటర్ సాధనాల ద్వారా వేరొకరిగా నటించి మోసగించడాన్ని శిక్షించే సమాచార సాంకేతిక చట్టం 66డి వర్తిస్తుంది. 2009 నుంచి అమల్లో ఉన్న దాని కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. సెక్షన్ల కొరత లేదు. చిక్కు ఎక్కడంటే వేషగాడు వేరే దేశంలో ఉండవచ్చు. కాంబోడియాలో ఉద్యోగాలని తీసుకెళ్ళి తెలుగు యువకులను సైబర్ మోసాల శిబిరాల్లో నిర్బంధించిన ముఠాను 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఫోను చేసే గొంతు కూడా కొన్నిసార్లు బందీదే కావచ్చునని దాంతో తెలిసింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్టుల మీద తనంతట తానే విచారణ చేపట్టింది. డిసెంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

అసలు పోలీసు మీద షరతు అనే రెండో మార్గం ఇక్కడా తెరుచుకుంది. విచారణకు హాజరు కావాలని పోలీసులు ఇచ్చే నోటీసులను వాట్సాప్‌లో గాని, ఇతర ఎలక్ట్రానిక్ మార్గాల్లో గాని పంపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు సతేందర్ కుమార్ అంటిల్ కేసులో ఆదేశించింది. పౌరుడి స్వేచ్ఛను కాపాడటానికి ఇచ్చిన ఆ ఆదేశం వల్ల, వాట్సాప్‌లో వచ్చే పోలీసు నోటీసు అసలుదా నకిలీదా అని తేల్చుకునే పని పౌరుడికి తప్పింది. అలాంటి కబురు వస్తే ఫోను పెట్టేసి 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.